మన బిడ్డ పేరు ఎవరికి చెప్పితిమి?

ధ్యాన భాగము: దానియేలు 1వ అధ్యాయము, 2వ అధ్యాయము 13 నుండి 23 వచనములు



వేసవి సెలవులు ముగిసినవి. తొలకరి పడి రైతు దుక్కికి సిద్ధపడు ఈ దినములలోనే మన గ్రామసంఘములలోని యౌవనస్థులు పట్టణపు కళాశాలలకు బయలుదేరుదురు. తల్లి పచ్చడి డబ్బా మూటగట్టును. తండ్రి ఫీజునకై చేసిన అప్పును తలచుకొనుచు పెట్టె మోసికొని బస్సు దాక వచ్చును. అయ్యగారు తలమీద చేయి ఉంచి ప్రార్థించును. అవ్వ కొంగుముడి విప్పి నూరు రూపాయలు చేతిలో పెట్టును. ఇవన్నియు ప్రేమ కార్యములే. వీటిలో ఏదియు వ్యర్థము కాదు.

అయితే బస్సు కదలిన తరువాత సంగతి యేమి? ఆ రాత్రి హాస్టలు గదిలో ఆ బిడ్డను భోజనము చేసితివా అని అడుగువారెవరు? మొదటి ఆదివారమున గుడి ఎక్కడనున్నదో చూపువారెవరు? పరీక్ష తప్పిన దినమున ప్రక్కన కూర్చుండువారెవరు? మనము బిడ్డకు బైబిలు ఇచ్చి పంపుదుము, బట్టలు కొని పంపుదుము, డబ్బు చేతికిచ్చి పంపుదుము. ఆ బిడ్డ పేరును అక్కడనున్న విశ్వాసి ఎవరికైనను చెప్పితిమా? ఈ మాసము మనము ధ్యానింపగోరు సంగతి ఇదియే.

బబులోను కళాశాలలో నలుగురు

దానియేలును మనము సింహముల గుహలోనే చూచుటకు అలవాటు పడితిమి. గుహలోనికి పోకముందు అతడు కళాశాలలోనికి పోయెను. యెరూషలేమునుండి చెరపట్టబడిన యౌవనులలో దానియేలు, హనన్యా, మిషాయేలు, అజర్యా అను నలుగురుండిరి. వారు రాజనగరులో ఉండి మూడు సంవత్సరములు కల్దీయుల భాషను, శాస్త్రములను నేర్చుకొనవలెనని రాజాజ్ఞ. తిండి రాజుగారిది, బస రాజుగారిది, చదువు రాజుగారిది. ఇది హాస్టలు చదువు కాక మరేమి?

మొదట గమనించవలసినది ఏమనగా, వారు చదువును విడిచి పారిపోలేదు. ఆ విద్య అన్యుల విద్యయని దూషించి మూలన కూర్చుండలేదు. శ్రద్ధగా చదివిరి. దేవుడే వారికి జ్ఞానమును వివేచనను ఇచ్చెనని వాక్యము చెప్పుచున్నది. కళాశాల చదువు విశ్వాసమునకు శత్రువని తలంచు తలిదండ్రులు మనలో ఇంకను కొందరున్నారు. అట్టివారు ఈ అధ్యాయమును మరల చదువవలెను.

రెండవది, అక్కడ వారి పేర్లు మార్చబడెను. వారి తలిదండ్రులు పెట్టిన పేర్లన్నిటిలో దేవుని నామము కలిసియుండెను. హనన్యా అనగా యెహోవా కృప చూపెనని అర్థము. అజర్యా అనగా యెహోవా సహాయము చేసెనని అర్థము. బబులోను అధికారి ఆ పేర్లను తీసివేసి షద్రకు, మేషాకు, అబేద్నెగో అని పెట్టెను. దానియేలు బెల్తెషాజరు ఆయెను. పట్టణము మన బిడ్డలకును ఇట్లే చేయును. ఊరిలో వాడు ఫలాని వారి మనుమడు, సండేస్కూలులో వాక్యము కంఠతా చెప్పిన పిల్లవాడు. అక్కడ వాడు ఒక హాల్‌టికెట్టు నంబరు, ఒక ర్యాంకు. కొన్ని నెలలకు వాడే తన పాత పేరును మరచును.

మూడవది ముఖ్యమైనది. రాజు కలను చెప్పలేనందున జ్ఞానులందరిని చంపవలెనని ఆజ్ఞ బయలుదేరెను. ఆ దినమున దానియేలు ఏమి చేసెను? రాజునొద్ద గడువు అడిగి తన యింటికి పోయి ముగ్గురు స్నేహితులకు సంగతి తెలిపెను. నలుగురును పరలోకమందున్న దేవునియొద్ద కటాక్షము వేడుకొనిరి. 2వ అధ్యాయము 17వ వచనమును జాగ్రత్తగా చూడుడి. అక్కడ ఆ స్నేహితుల పేర్లు షద్రకు, మేషాకు, అబేద్నెగో అని లేవు. హనన్యా, మిషాయేలు, అజర్యా అని యున్నవి. ఆస్థానములో ఏ పేరుతో పిలువబడినను, ప్రార్థన చేయు ఆ చిన్న గదిలో వారికి ఇంటి పేర్లే నిలిచియున్నవి. క్రైస్తవ విద్యార్థుల చిన్న కూటము అనగా ఇదియే. లోకము మరపించిన పేరును మరల జ్ఞాపకము చేయు చోటు అది.

కల మర్మము దానియేలునకు మాత్రమే బయలుపడెను. అయినను అతడు దేవుని స్తుతించినప్పుడు, మేము అడిగినదానిని నీవు తెలియజేసితివను భావముతో మాటలాడెను. వరము ఒకనిది, ప్రార్థన నలుగురిది. మరియు 3వ అధ్యాయములో అగ్నిగుండము ఎదుట దానియేలు కనబడడు. పెద్దవాడు ప్రక్కన లేని దినమున ఆ ముగ్గురు తమంతట తామే నిలిచిరి. మంచి సహవాసమునకు గురుతు అదియే. నాయకుడున్నప్పుడే వెలుగునది అద్దెకు తెచ్చిన దీపము. నాయకుడు లేనప్పుడును వెలుగునది ఇంటి దీపము.

ఆక్స్‌ఫర్డులో ఒక పండ్ల ముసలమ్మ

ఇది బైబిలు కాలపు సంగతి మాత్రమే కాదు. ఇంగ్లండు దేశమందలి ఆక్స్‌ఫర్డు విద్యాపీఠములో 1729వ సంవత్సరమున ఛార్లెస్ వెస్లీ అను 21 ఏండ్ల విద్యార్థి తన తోటివారు ఇద్దరు ముగ్గురిని కూర్చుకొని, శ్రద్ధగా చదువుటకును, క్రమముగా ప్రభువు బల్లలో పాలుపొందుటకును నిర్ణయించుకొనెను. ఆ సంవత్సరము నవంబరులో అతని అన్నయగు జాన్ వెస్లీ మరల ఆక్స్‌ఫర్డునకు వచ్చి ఆ చిన్న గుంపునకు పెద్ద ఆయెను. వారు వారములో కొన్ని సాయంకాలములు కూడి గ్రీకు క్రొత్త నిబంధనను చదువుచుండిరి. 1730లో వారిలో విలియం మోర్గన్ అను విద్యార్థి చెరసాలలోని ఖైదీలను చూడబోయి, మిగిలినవారిని కూడ తనతో తీసికొనిపోయెను. బీదల పిల్లలకు చదువు చెప్పించుట, రోగులను చూచుట వారికి అలవాటాయెను. తోటి విద్యార్థులు నవ్వి వారికి పరిశుద్ధుల క్లబ్బు అనియు, పద్ధతివారు అను భావముతో మెథడిస్టులనియు పేర్లు పెట్టిరి. ఎగతాళి పేరే తరువాత గొప్ప సంఘము పేరాయెను. మెదకు మహాదేవాలయమును కట్టించిన మిషనరీలు ఆ వెస్లియన్ మెథడిస్టు సంఘమువారే గనుక, ఈ చరిత్ర తెలుగు సంఘమునకు పరాయిది కాదు.

ఆ దినములలో అక్కడనే జార్జి వైట్‌ఫీల్డు అను బీద విద్యార్థి యుండెను. అతని రెండవ యేటనే తండ్రి చనిపోయెను. తల్లి గ్లాస్టరు పట్టణములో ఒక పూటకూళ్ల సత్రము నడుపుచుండెను. ఆ సత్రములో గదులు కడిగిన చేతులతోనే అతడు 1732లో కళాశాలకు వచ్చెను. ఫీజు కట్టలేడు గనుక ధనికులైన విద్యార్థులకు పరిచర్య చేయుచు చదువుకొనవలెను. అట్టివారి గౌను సహితము వేరు. పెద్దింటి పిల్లలు వారితో బాహాటముగా కలిసి తిరుగుట మర్యాద కాదు. అతడు ఆ చిన్న గుంపును దూరమునుండి చూచి వారితో కలియవలెనని సంవత్సరమునకు పైగా కోరెను. దగ్గరకు పోవుటకు ధైర్యము చాలలేదు. ప్రియులారా, ఆ బిడియము మనకు క్రొత్త కాదు. కట్టిన బట్టను చూచుకొని, పలుకు మాటను చూచుకొని, ఊరి చివరి పేటనుండి వచ్చితిమని తలంచి, వెనుక బెంచీలో కూర్చుండు మన బిడ్డలు ఎందరు లేరు?

1733లో ఇట్లు జరిగెను. అనాథశాలలో ఒక బీద స్త్రీ నిరాశచేత తన గొంతు కోసికొనబోయి ఆపబడెను. వైట్‌ఫీల్డు అది విని, వెస్లీలు ఆమెకు సహాయపడుదురని తలంచి, కళాశాలలో ఆపిల్ పండ్లు అమ్ముకొను ఒక ముసలమ్మను ఛార్లెసునొద్దకు పంపెను. నన్ను పంపినదెవరో చెప్పవద్దని గట్టిగా ఆజ్ఞాపించెను. ఆమె పోయి కబురు చెప్పెను. దానితో పాటు పిల్లవాని పేరు కూడ చెప్పివేసెను! ఛార్లెసు ఆ పిల్లవాడు ఒంటరిగా నడచుట అనేక పర్యాయములు చూచియుండెను. వెంటనే ఆ ముసలమ్మ చేతనే, రేపు ఉదయము నాతో కూడ ఫలహారమునకు రమ్మని కబురు పంపెను.

ఛార్లెసు అతనికంటె 7 ఏండ్లు పెద్దవాడు. ఆ ఉదయము మొదలుకొని అతడు ఆ చిన్నవానికి పుస్తకములు ఇచ్చెను, మెల్లమెల్లగా మిగిలినవారితో పరిచయము చేసెను, అన్నవలె నడిపించెను. ఒక పూట ఫలహారము! దానికి ఎంత ఖర్చు? దానివలన కలిగిన ఫలము చూడుడి. 1739వ సంవత్సరమున ఆ వైట్‌ఫీల్డే బ్రిస్టలు చెంత బొగ్గు గనుల కూలివారికి ఆరుబయట సువార్త ప్రకటించి, తరువాత జాన్ వెస్లీని పిలిచి ఆ పనిలోనికి దింపెను. చేయిపట్టి నడిపింపబడిన చిన్నవాడు పెద్దవానికి దారి చూపెను. తరువాత వారిద్దరికి సిద్ధాంతమున భేదము వచ్చెను. అయినను 1770లో వైట్‌ఫీల్డు మరణించినప్పుడు లండనులో అతని జ్ఞాపకార్థ ప్రసంగము చేసినది జాన్ వెస్లీయే.

పద్ధతి రక్షింపదు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ఆ యౌవనులు నియమములలో మిక్కిలి కఠినులై యుండిరి. వైట్‌ఫీల్డు 1735లో అతిగా ఉపవాసముండి, చలిలో ప్రార్థించి, దేహము చెడి కొన్ని వారములు మంచము పట్టెను. ఎంత చేసినను మనశ్శాంతి దొరకలేదు. చివరకు తన క్రియలమీద ఆశ వదలి, క్రీస్తుమీద తన భారము వేసినప్పుడే అతనికి విశ్రాంతి కలిగెను. వెస్లీ అన్నదమ్ములకు సహితము రక్షణ నిశ్చయత 1738 మే నెలలో గాని కలుగలేదు. అనగా ఆ గుంపు మొదలైన 9 ఏండ్లకు!

కాబట్టి చిన్న కూటమును మనము రక్షకునిగా చేయరాదు. కాలువ నీటిని పుట్టించదు. చెరువులోని నీటిని చేనికి చేర్చును. కూటము కాలువ, క్రీస్తు ఊట. కూటమునకు వచ్చినవాడు ఎన్ని అధ్యాయములు చదివెను, ఎన్ని గంటలు మోకరించెను అని లెక్కించి, తక్కువైనవానిని సిగ్గుపరచు చోట కృపకు తావు లేదు. పడిపోయినవాడు, నేను పడిపోతినని చెప్పుకొనగలిగిన చోటనే వానిని లేవనెత్తువాడుండును. ప్రసంగి 4వ అధ్యాయములో జ్ఞాని చెప్పిన తోడు ఇట్టిదే. ఒంటరిగా పడినవానికి కలుగు శ్రమను చూచి అతడు దుఃఖించుచున్నాడు.

ఇది ప్రాణముల విషయము

సంఘస్థులారా, దీనిని తేలికగా తీసికొనవద్దు. ప్రభుత్వమువారి నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశములో 13,000 మందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములు తామే తీసికొనిరి. వారిలో ప్రతివాడును ఒక తల్లి బిడ్డ. మార్కులు తగ్గినవని ఒకరు, ప్రేమ విఫలమైనదని ఒకరు, తల్లిదండ్రుల అప్పు తలచుకొని ఒకరు. అందరి దుఃఖమునకు కారణము ఒకటి కాదు. అయినను, నా సంగతి ఎవరితో చెప్పుదునను ప్రశ్నకు జవాబు దొరకని రాత్రి ఆ గదులలో ఎన్నిసార్లు గడచెనో దేవునికి తెలియును.

అట్టి రాత్రి తండ్రి 200 మైళ్ల దూరములో నిద్రించుచుండును. అయ్యగారు వేరొక ఊరిలో ఉందురు. ప్రక్క గదిలోని అన్న, పై అంతస్తులోని అక్క మాత్రము మేలుకొనియుందురు. అందుచేతనే విద్యార్థికి విద్యార్థియే మొదటి కాపరి. మన దేశములో విద్యార్థుల క్రైస్తవ ఉద్యమము 1912లోను, యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా 1954లోను ఆరంభమైనవి. ఈ రెండవ సమాజమువారి విద్యార్థి కూటములు మన తెలుగు రాష్ట్రములలోని కళాశాలలయందును జరుగుచున్నవి. విద్యార్థులే నడుపుకొనుట, చదువు ముగించినవారు వెనుకనుండి సహాయపడుట వారి పద్ధతి. మన బిడ్డలకు ఇట్టి వాకిలి తెరువబడియున్నది.

కూటము ఎట్లుండవలెను?

కళాశాలలో పై తరగతి చదువుచు ఈ పత్రికను చదువు యౌవనస్థులారా, మీకు కొన్ని మాటలు.

నలుగురైదుగురు చాలును. పండ్రెండు మందికి మించినయెడల రెండు కూటములుగా చేయుడి. వారమునకు ఒక దినము, ఒక గంట నియమించుకొనుడి. ఒక చిన్న వాక్యభాగము చదివి, ప్రతివారును తాము గ్రహించినది చెప్పుడి. ఒక్కడే ప్రసంగించినయెడల అది కూటము కాదు, సభ. తరువాత ఈ వారము నీకు కష్టమైనది ఏమని ఒకరినొకరు అడిగి ప్రార్థించుడి. అక్కడ విన్న మాట బయట పడరాదు. అయితే ఎవరైనను చచ్చిపోవలెనని అనిపించుచున్నదని చెప్పినయెడల, ఆ రహస్యమును దాచరాదు. వారిని ఒంటరిగా విడువక, వెంటనే వార్డెనుకును, ఇంటివారికిని, వైద్యునికిని తెలుపుడి. ప్రభుత్వమువారి టెలి మానస్ సహాయ నంబరు 14416 మీ అందరియొద్ద ఉండవలెను. ప్రార్థన వైద్యుని తలుపు మూయదు.

పెద్ద విద్యార్థి తనకు ఒక్క చిన్న విద్యార్థిని ఏర్పరచుకొనవలెను. అన్న తమ్మునికి, అక్క చెల్లెలికి. పదిమందిని పట్టుకొని ఎవరిని ఎరుగకుండుటకంటె ఒకనిని బాగుగా ఎరుగుట మేలు. మొదటి వారమున మెస్సుకు తోడు తీసికొనిపొండి, ఆదివారమున గుడికి తోడు పొండి, పాత పుస్తకములు ఇయ్యుడి, పరీక్షలకు చదువు పద్ధతి చూపుడి. గురువు వేషము వేయవద్దు. మీ అప్పులు, మీ సొంత పనులు వానిమీద మోపవద్దు. యోనాతాను అడవికి పోయి దావీదును ధైర్యపరచెను గాని, అతని సింహాసనమును కోరలేదు.

తలిదండ్రులారా, మీరును పరీక్షింపుడి. బిడ్డను చదువుకు దూరము చేయునది, ఆదివారపు సంఘారాధన మాన్పించునది, ఇంటివారితో మాట తగ్గించునది, ఒక మనుష్యుని మాటకే లోబడమని కోరునది, ఎంత ప్రార్థన చేసినను మంచి సహవాసము కాదు. అట్టిచోటినుండి బిడ్డను ప్రేమతో తప్పింపుడి.

మన సంఘము చేయవలసినది

కళాశాల మెట్లు ఎక్కని మనము ఏమి చేయగలము అని కొందరు అడుగుదురు. ఆక్స్‌ఫర్డులోని పండ్ల ముసలమ్మను తలచుకొనుడి. ఆమెకు పట్టము లేదు, పదవి లేదు. ఆమె పేరు సహితము చరిత్రలో మిగులలేదు. ఆమె చేసినది ఒక్కటే: ఒంటరిగా తిరుగుచున్న పిల్లవాని పేరును, వానికి అన్న కాదగిన వాని చెవిలో వేసెను. ఆ ఒక్క మాటతో రెండు జీవితములు కలిసెను. ఈ పని మనలో చదువు రాని తల్లియైనను చేయగలదు.

కనుక ఈ నెలలోనే ప్రతి సంఘములో చదువబోవు బిడ్డల పేర్లు ఒక పుస్తకములో వ్రాయుడి. పేరు, కళాశాల, హాస్టలు, ఫోను నంబరు చాలును. బిడ్డ అనుమతితోనే వ్రాయుడి. ఆ పట్టణములో చదువుచున్న మన ప్రాంతపు విశ్వాసి యెవరో పెద్దలు విచారించి, అబ్బాయి సంగతి అబ్బాయికి, అమ్మాయి సంగతి అమ్మాయికి తెలుపుడి. ఎవరును లేనియెడల అక్కడి సంఘపు అయ్యగారికి ఒక ఉత్తరము వ్రాయుడి. స్త్రీల సమాజమువారు ప్రతి పూట కుండలోనుండి తీసిపెట్టు పిడికెడు బియ్యములో కొంత భాగమును, బీద విద్యార్థి కూటమునకు పోవు బస్సు ఖర్చునకై ప్రత్యేకింపవచ్చును. దసరాకును సంక్రాంతికిని పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు మార్కులు మాత్రమే అడుగక, నీ స్నేహితులెవరు, నీతో ప్రార్థించువారెవరు అని అడుగుడి. చదువు ముగించి ఉద్యోగములలోనున్నవారిని, నీకు అప్పగింపబడిన తమ్ముడు ఏడి, చెల్లెలు ఏది అని అడుగుడి.

మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుచునని యోహాను 10వ అధ్యాయములో ప్రభువు చెప్పెను. ఆయన ఎరిగిన ఆ పేరును బిడ్డ చెవిలో మరల పలుకుటకు ఆయనకు ఒక మనుష్యుని నోరు కావలెను. అట్టి నోరు ఆ పట్టణములో ఎక్కడనున్నదో వెదకి, మన బిడ్డ పేరు దానికి అందింతము.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మాకు దూరముగా నున్న మా బిడ్డలు నీకు దూరముగా లేరు. వారి గదులలో నీవు ఉండుము. ఒంటరిగా నడచు ప్రతి బిడ్డకు ఒక అన్నను, ఒక అక్కను దయచేయుము. మా పెద్ద పిల్లలకు చూచు కన్నులు, పిలుచు మనస్సు ఇమ్ము. మా సంఘములలో ఏ బిడ్డ పేరును మరువబడకుండునట్లు మమ్మును మేలుకొలుపుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.